తాడిచెట్టు లేని ప్లయింటు

శ్రీకాకుళం బార్‌లో జూనియర్‌గా చేరిన మొదటి వారంలో నాకు అందిన శిక్షణ అంతా ఒక్క వాక్యం: "పాత ప్లయింటు ఒకటి తీసి, పేర్లు, సర్వే నంబరు, హద్దులు మార్చి పట్రండి." ప్లయింటు అంటే దావా వేసేవారి తరఫున కోర్టుకు ఇచ్చే కాగితం. పై మాట అన్నది మా సీనియర్ కూడా కాదు, ఆఫీసులో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న గుమాస్తా గారు. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు; ఆయనకు ఆ పద్ధతి నేర్పింది మా వృత్తే. ఇరవై ఏళ్లు దాటిన తర్వాత ఇప్పుడు నా దగ్గరికి వచ్చే జూనియర్లు, లా కాలేజీలో మూడేళ్లో అయిదేళ్లో చదివి, పట్టా పుచ్చుకుని, నల్లకోటు కుట్టించుకుని వచ్చాక కూడా, మొట్టమొదట అడిగేది "సార్, మోడల్ ఏదైనా ఉందా?" అనే. న్యాయ పరిశోధన, న్యాయ రచన అనే రెండు విద్యలను మోడల్ వెతకడం, మోడల్ నింపడం అనే రెండు పనులుగా కుదించేశామనీ, అందుకయ్యే ఖర్చును మా కక్షిదారులు భరిస్తున్నారనీ నా అభిప్రాయం. దీనికి నాకు తోచిన విరుగుడు కొందరికి వెనకడుగులా కనిపించవచ్చు. వకీలు కాబోయే వారికి పరిశోధన నేర్పడం పార్టీ (కక్షిదారు) చేతిలోని కాగితంతో మొదలుపెట్టాలి, రూలింగును, అంటే పై కోర్టుల పాత తీర్పును, చివరికి ఉంచాలి. రచన నేర్పడం తెలుగులో మొదలుపెట్టాలి, ఇంగ్లీషును చివరికి ఉంచాలి.

ఈ అభిప్రాయం నాకు ఒక తాడిచెట్టు వల్ల కలిగింది కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

2003లో, తొలకరి పడిన కొద్ది రోజులకు, పొందూరు వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడ మా ఆఫీసుకు వచ్చారు. భర్త పోయాక ఆమె పేరు మీదికి మారిన 62 సెంట్ల మెట్ట ఒక్కటే ఆమె ఆస్తి. తూర్పు వైపు చేను రైతు ఏటా దుక్కిలో గట్టును కొద్దికొద్దిగా పడమరకు జరుపుకుంటూ వచ్చి, నాలుగైదు గజాల వెడల్పున, మొత్తం మీద ఏడు సెంట్ల దాకా కలిపేసుకున్నాడని ఆమె గోడు. పాత గట్టు మీద ఒక తాడిచెట్టు ఉండేదనీ, తాతల నాటి నుంచి అదే హద్దనీ, ఇప్పుడా చెట్టు అతని చేలోపలికి వెళ్లిపోయిందనీ ఆమె కనీసం మూడుసార్లు చెప్పారు. నేను తల ఊపుతూ విన్నాను గానీ రాసుకోలేదు. బీరువాలోంచి తీసిన పాత శాశ్వత ఇంజంక్షన్ (నిషేధాజ్ఞ) దావా ఒకటి నా ముందు ఉంది. దానిలో తాడిచెట్టుకు చోటు లేదు.

ప్లయింటు తయారైంది. వాది మొత్తం 62 సెంట్లలో శాంతియుత స్వాధీనానుభవంలో ఉన్నదనీ, ప్రతివాది తన మనుషులతో కలిసి అందులోకి అక్రమంగా ప్రవేశించబోయాడనీ, స్థానిక పెద్దమనుషుల సాయంతో వాది అడ్డుకున్నదనీ చక్కని ఇంగ్లీషులో ఉంది. ఆ పెద్దమనుషులు పాత దావాలోని పెద్దమనుషులు. వేలిముద్ర వేయించే ముందు, పైన రాసినవన్నీ తనకు తెలిసినంతవరకు నిజమని ధ్రువీకరించేది ఆమే కనుక, నాలుగు ముక్కల్లో తెలుగులో చెప్పాను. ఆమె అంతా విని, "ఏటి బాబూ, నా తాడిసెట్టు ఊసే లేదేటి ఇందులో?" అన్నారు. "అదంతా తర్వాత కోర్టులో చెప్పుకుందాం అమ్మా" అన్నాను. ఆమె వేలిముద్ర వేశారు.

ప్రతివాది జవాబుదావాలో, ఇప్పుడున్న గట్టు వరకు భూమి తనదేననీ, తన తండ్రి కాలం నుంచి తానే దున్నుకుంటున్నాననీ రాశాడు. అంటే వివాదం ఉన్న ఏడు సెంట్లలో ఆమె హక్కునే కాదన్నాడు. దావా వేసిన రోజుకు ఆ ముక్క ఆమె స్వాధీనంలో లేదు కూడా. స్వాధీనం పోయిన నేల మీద, హక్కే వివాదంలో పడిన నేల మీద, వట్టి ఇంజంక్షన్ దావా నిలవదు. హక్కు ప్రకటన అడగాలి, స్వాధీనం తిరిగి ఇప్పించమని అడగాలి. ఇష్యూలు (కోర్టు తేల్చవలసిన అంశాలు) ఖరారైన తర్వాత మా సీనియర్ ఫైలు తిరగేసి సంగతి గ్రహించారు. విచారణ ఇంకా మొదలుకాలేదు గనుక సవరణ పిటిషన్ వేశాం. షెడ్యూలును (ఆస్తి వివరాల పట్టికను) ఏ, బీ అని రెండుగా విడగొట్టాం, అదనపు కోర్టు ఫీజు కట్టించాం, స్థలం చూసి కోర్టుకు నివేదిక ఇచ్చే అడ్వకేట్ కమిషనర్‌ను వేయించుకున్నాం. కమిషనర్ సర్వేయరును వెంటబెట్టుకుని చేలోకి వెళ్లేసరికి చెట్టును నరికేశారు. మొద్దు మాత్రం మిగిలింది. ఆ మొద్దు ఎఫ్ఎంబీలోని (సర్వే శాఖ పొలం కొలతల పటంలోని) గట్టు గీత మీదే పడిందని కమిషనర్ స్కెచ్చులో గుర్తించారు. దావా చివరికి ఆమె పక్షానే డిక్రీ అయింది. మొదటి రోజే నేను ఒక ప్రశ్న అడిగి, ఒక పేరా రాసి ఉంటే ఆమెకు దాదాపు మూడేళ్లు, కొన్ని వేల రూపాయలు మిగిలేవి.

ఆనాడు నాకు చట్టం తెలియక కాదు. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్‌లో ప్రకటనకు 34వ సెక్షన్, శాశ్వత ఇంజంక్షన్‌కు 38వ సెక్షన్ అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. నేను అడగనిది "అమ్మా, ఆ ఏడు సెంట్లు ఈ రోజున ఎవరు దున్నుతున్నారు?" అన్న ప్రశ్న. 2008లో అనాతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు, ఇంజంక్షన్ ఒక్కటీ ఎప్పుడు సరిపోతుందో, స్వాధీనం ఎప్పుడు కోరాలో, హక్కు మీద నీలినీడ పడినప్పుడు ప్రకటన ఎందుకు తప్పనిసరో తేటగా విడమరిచింది. మన తెలుగునేల నుంచి వెళ్లిన ఆ తీర్పును ఇప్పుడు ప్రతి జూనియరూ ఉదహరిస్తాడు. అయితే అందులో చెప్పిన పరిస్థితుల్లో మన పార్టీది ఏదో ఆ తీర్పు చెప్పదు; అది గట్టు దగ్గర తెలుస్తుంది.

మన న్యాయవిద్య ఈ విషయాన్ని పట్టించుకోలేదని అనలేను. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి నిబంధనల్లో డ్రాఫ్టింగ్, ప్లీడింగ్, కన్వేయన్సింగ్ (దావా కాగితాలు, దస్తావేజులు రాయడం) తప్పనిసరి పేపరు. అందులో కనీసం 15 డ్రాఫ్టింగ్ అభ్యాసాలు, 15 కన్వేయన్సింగ్ అభ్యాసాలు ఉండాలన్నారు. మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, అయిదేళ్ల కోర్సుకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ అన్నారు. కాగితం మీద ఇది చాలా మంచి ఏర్పాటు. ఆచరణలో ముప్పై అభ్యాసాలూ రికార్డు పుస్తకంలోకి ఎక్కించే ముప్పై నకళ్లు. పై బ్యాచ్ వాళ్ల రికార్డు కింది బ్యాచ్‌కు వారసత్వంగా వస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి రికార్డులో అద్దె ఇల్లు ఖాళీ చేయించే నోటీసు ఉంది. అద్దెకిచ్చిన ఇల్లు ఎక్కడుందో, అద్దె ఎంతో, బాకీ ఎన్ని నెలలో ఆ నోటీసులో లేదు; ఖాళీలు చుక్కలతో సహా నకలు చేశాడు. మార్కులు మాత్రం పూర్తిగా వచ్చాయి. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ల సంగతి రాయను. అలాంటివి నేనూ కొన్ని సంతకం చేసి ఇచ్చినవాణ్నే.

పైస్థాయిలో జరిగిన చర్చ అంతా గుమ్మం గురించే నడిచింది. 1961 అడ్వకేట్స్ యాక్ట్‌లో నమోదుకు ముందు శిక్షణ, పరీక్ష ఉండేవి; 1973 సవరణ వాటిని తీసేసింది. ఏడాది అప్రెంటిస్‌షిప్ పెడుతూ బార్ కౌన్సిల్ 1995లో తెచ్చిన నిబంధనలను 1999లో సుధీర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష వచ్చింది, 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. 2025 మే 20న జూనియర్ సివిల్ జడ్జి ఉద్యోగానికి మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను సుప్రీంకోర్టు తిరిగి తెచ్చింది. లోపలికి ఎవరు రావాలన్నది ఇన్నిసార్లు తేల్చిన వ్యవస్థ, వచ్చినవాడు ఒక పేజీ రాయగలడా అని ఒక్కసారి కూడా పరీక్షించలేదు. బార్ పరీక్షలో వంద ప్రశ్నలకు సరైన జవాబు ఎంచుకోవాలి. ఒక్క వాక్యం సొంతంగా రాయనక్కర్లేదు. ఆ మూడేళ్ల ప్రాక్టీసు కూడా వాయిదాలు తీసుకోవడంలో గడిచిపోతే, రేపు తీర్పులు రాయవలసిన వారికి అది ఏ మేరకు అక్కరకొస్తుందో నాకు సందేహమే.

ఇక నేను ఆదివారం పూట మా జూనియర్లతో చేస్తున్న పని. ఇది గొప్ప పథకమేమీ కాదు. రెండు గంటల సేపు, ఒక పాత ఫైలు ముందు పెట్టుకుని కూర్చోవడం.

మొదటి వారం చట్టం పుస్తకం ముట్టనివ్వను. పార్టీ చెప్పినదాన్ని తేదీల వరుసలో తెలుగులో ఒక పేజీ రాయమంటాను. ఎడమవైపు తేదీ, మధ్యలో ఏం జరిగింది, కుడివైపు దానికి ఆధారమైన కాగితం లేదా దాన్ని చెప్పగల మనిషి. కుడివైపు గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉంచాలి. నింపడానికి ఏమీ సృష్టించకూడదు. ఈ పేజీ పూర్తయ్యేసరికి సగం పరిశోధన అయిపోతుంది. ఎందుకంటే లిమిటేషన్, అంటే దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు, ఆ ఎడమ వరుసలోనే ఉంది. హక్కు ప్రకటనకు మూడేళ్లు, హక్కు ఆధారంగా స్వాధీనానికి పన్నెండేళ్లు అన్న లెక్క ఎప్పటి నుంచి మొదలవుతుందో ఆ తేదీలే చెబుతాయి. వ్యాజ్య కారణం (దావా వేయడానికి హక్కు ఇచ్చిన సంఘటన) ఎప్పుడు పుట్టిందన్న పేరా మన ప్లయింట్లలో ఎక్కువగా అబద్ధాల పేరా కావడానికి కారణం, ఈ పేజీ ఎవరూ రాయకపోవడం. దావా వేయడానికి వారం ముందు ఒక తేదీ వేసి, "ఆ రోజున ప్రతివాది ప్రవేశించబోయాడు" అని రాస్తాం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ తేదీన మీరు ఎక్కడున్నారని అడిగితే, పాపం, పార్టీ మన వంక చూస్తాడు.

రెండో వారం కాగితాల వంశవృక్షం. ఈ విషయం మీద నేను కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఏ డేటాబేసులోనూ దొరకని పరిశోధన ఇదే, మన జిల్లాల్లో దీని అవసరమూ ఎక్కువే. శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖపట్నం నుంచి విడివడింది. అంతకుముందు 1936లో ఒరిస్సా ఏర్పడే వరకు శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి. విజయనగరం జిల్లా 1979లో పుట్టింది. 2022లో పాలకొండ, సీతంపేట వైపు మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం వైపువి విజయనగరంలోకి వెళ్లాయి. కాబట్టి ఒక పాత దస్తావేజు నకలు ఏ ఆఫీసులో అడగాలన్నది పార్టీ ఊరిని బట్టి కాక దస్తావేజు తేదీని బట్టి తేల్చుకోవలసిన సందర్భాలు ఎన్నో వస్తాయి. 1932 నాటి విక్రయ పత్రం కోసం ఒక జూనియర్ శ్రీకాకుళంలో నెల రోజులు తిరిగి "లేదు సార్" అని వచ్చి కూర్చున్నాడు. ఆ ఊరు 1932లో ఏ జిల్లాలో ఉందని అడిగితే అతనికి ఆ ప్రశ్నే కొత్తగా వినిపించింది.

భూమి ఏ రకమైనదన్నది తర్వాతి మాట. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందారీల కింద ఉన్న గ్రామాలకు 1908 ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ నాటి కాగితం ఒక రకం, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత రైత్వారీ పట్టా, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (సెటిల్‌మెంట్ నాటి భూమి లెక్క) మరో రకం. ఇనాం భూమి అయితే 1956 ఇనాముల రద్దు చట్టం కింద పట్టా ఎవరికి వచ్చిందో చూడాలి. గుడి మాన్యమైతే దారి వేరు. సీతంపేట వైపు ఏజెన్సీ గ్రామమైతే గిరిజన ప్రాంతపు భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్, దాన్ని బిగించిన 1970 నాటి సవరణ — మనవాళ్లు "1/70" అనేది — ఇవి చూడకుండా రిజిస్టర్ దస్తావేజు ఉంది కదా అని దావా రాయడం కన్నా పెద్ద పొరపాటు లేదు. అసలు ఆ దావా వెళ్లవలసిన కోర్టే వేరు కావచ్చు. అడంగల్ (సాగు లెక్క), 1-బి (హక్కుదారుల లెక్క), ఈసీ (రిజిస్టరైన లావాదేవీల పత్రం), ఎఫ్ఎంబీ నాలుగూ పక్కపక్కన పెట్టి విస్తీర్ణం ఎక్కడెక్కడ తేడా వచ్చిందో గుర్తించడం ఒక ఆదివారం పూర్తిగా పట్టే పని. దీన్ని రెవెన్యూ గుమాస్తా పని అని తీసిపారేసేవాళ్లు మా వృత్తిలో చాలామంది ఉన్నారు. నా దృష్టిలో లీగల్ రీసెర్చ్ అంటే మొదట ఇదే.

చట్టం పాఠం మూడోది. బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని చట్టం మూలపాఠం, చదవడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అయితే 2024 జూలై 1 నుంచి అది కొత్తగా అవసరమైంది. ఆ రోజు నుంచి శిక్షాస్మృతి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్యాధారాల చట్టం మూడింటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ వచ్చాయి. ఆ తర్వాత కూడా పాత మోడల్ కంప్యూటర్లో ఉండబట్టి ముందస్తు బెయిలు పిటిషన్‌కు 438వ సెక్షన్ అనే రాసుకొచ్చేవారిని చూశాను, ఇప్పుడది 482. పాత కోడ్‌లో 482 అంటే హైకోర్టు సహజాధికారాలు. నంబరు ఒక్కటే, అర్థం వేరు. మోడల్ మీద బతికే విద్యకు ఇంతకన్నా గట్టి దెబ్బ మరొకటి ఉండదనుకున్నాను గానీ, ఆరు నెలల్లో కొత్త మోడళ్లు తయారై బజారులోకి వచ్చేశాయి.

అన్నింటికన్నా చివర రూలింగు. నా జూనియర్ రోజుల్లో రూలింగు దొరకడమే కష్టం. బార్ లైబ్రరీలో ఏఐఆర్ సంపుటాలు, ఏఎల్‌టీ, ఏఎల్‌డీ అనే తీర్పుల జర్నళ్లు. కావలసిన సంపుటం ఎవరో సీనియర్ ఇంట్లో ఉండేది. 2008లో ఇండియన్ కానూన్ వెబ్‌సైటు వచ్చాక, 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన తీర్పుల నివేదికలను ఈ-ఎస్‌సీఆర్‌గా ఉచితంగా పెట్టాక, నరసన్నపేటలో ఫోను పట్టుకున్న కుర్రాడికీ ఢిల్లీలో పెద్ద లాయరుకూ ఆ విషయంలో తేడా పోయింది. ఇది నిజంగా సంతోషించదగిన మార్పు. అయితే దొరకడం తేలికయ్యేసరికి చదవడం మానేశాం. పదిహేను రూలింగులు జతచేసిన మెమో వస్తుంది. పదిహేనింటిలోనూ హెడ్‌నోట్ (తీర్పు పైన అచ్చువేసే సారాంశం) మీదే హైలైటర్ గీత. ఆ హెడ్‌నోట్ రాసింది జర్నల్ సంపాదకుడనీ, అది తీర్పులో భాగం కాదనీ చెప్పినప్పుడు ఆశ్చర్యపోయిన వారిని చూశాను. ఇప్పుడు దానికి తోడు, అడిగితే లేని తీర్పును కూడా పేరుతో, సంపుటంతో సహా అల్లి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. 2023లో న్యూయార్కులో ఒక విమాన సంస్థ మీద వేసిన కేసులో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని తీర్పులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా పొందారు. వాళ్లను చూసి నవ్వేముందు, మనం హెడ్‌నోట్ మాత్రమే చదివి ఉదహరించిన తీర్పులు ఎన్నో లెక్క వేసుకోవడం మర్యాద.

తీర్పు చదవడం నేర్పడానికి నేను ఎప్పుడూ ఒకే కేసు తీసుకుంటాను: పాకాల నారాయణస్వామి కేసు. 1939లో ప్రివీ కౌన్సిల్ నుంచి లార్డ్ అట్కిన్ ఇచ్చిన తీర్పు. దాన్ని ఎంచుకోవడంలో కొంత ఊరి అభిమానం ఉందని ఒప్పుకుంటాను, ఎందుకంటే ఆ కథ నడిచిన దారి మన రైలు దారే. పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా పనిచేసిన వ్యక్తి, తాను ఇచ్చిన అప్పు వసూలు చేసుకోవడానికి బరంపురం వెళ్తున్నానని భార్యతో చెప్పి 1937 మార్చి 21న బయలుదేరాడు. విజయనగరం, ఆమదాలవలస, పలాస మీదుగా వెళ్లే ఆ లైను మీద ప్రయాణం చేయనివాళ్లు మా ఆఫీసులో లేరు. రెండు రోజుల తర్వాత పూరీలో, రైలు పెట్టెలో దిక్కులేకుండా పడి ఉన్న ఒక ఇనుప ట్రంకులో అతని శవం ముక్కలుగా దొరికింది. అతను భార్యతో అన్న మాట సాక్ష్యంగా చెల్లుతుందా అన్నది ఒక ప్రశ్న. ముద్దాయి పోలీసులకు చెప్పిన మాట చెల్లుతుందా అన్నది ఇంకొకటి.

జూనియర్లకు నేనిచ్చే పని, ఈ తీర్పు మొత్తం చదివి తెలుగులో ఒక పేజీ రాయడం. మొదటిసారి రాసినప్పుడు అందరూ నేరాంగీకారం అంటే ఏమిటో లార్డ్ అట్కిన్ ఇచ్చిన నిర్వచనం రాసుకొస్తారు, ఎందుకంటే ఉదాహరణలన్నింటిలో కనిపించేది అదే. భార్యతో అన్న మాటను కోర్టు ఎందుకు అనుమతించింది, చావు ముంచుకొస్తోందన్న భయం మాట చెప్పినవాడికి ఉండాలన్న ఇంగ్లండు నియమం మన చట్టంలో ఎందుకు లేదు, చావుకు దారితీసిన "లావాదేవీ తాలూకు పరిస్థితులు" అన్న మాటకు దగ్గరి సంబంధం ఉండాలన్న హద్దు ఎక్కడ గీసింది అన్న ప్రశ్నలు రెండోసారికి గానీ తగలవు. మూడోసారికి అసలు చిత్రమైన సంగతి కనిపిస్తుంది. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలాన్ని పక్కన పెట్టాలని ముద్దాయి వకీలు వాదించి గెలిచాడు. అయినా మిగిలిన సాక్ష్యం చాలని శిక్ష ఖాయమైంది. ఒక పాయింటు మీద గెలిచి కేసు ఓడిపోవడం అంటే ఏమిటో ఏ ఉపన్యాసం కన్నా ఈ తీర్పు బాగా చెబుతుంది. చనిపోయినవాడు తన చావు గురించి అన్న మాటను సాక్ష్యంగా అనుమతించే, పాత సాక్ష్య చట్టంలోని 32వ సెక్షన్ మొదటి ఖండం కొత్త అధినియమ్‌లో 26వ సెక్షన్‌లో ఎలా ఉందో పోల్చమనడం ఆఖరి అభ్యాసం. మాట మారిందా, నంబరు మాత్రమే మారిందా?

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ఆంధ్ర హైకోర్టు 1954 జూలై 5న ఏర్పడింది. అంతకుముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు మనకు కట్టుబడి ఉండవలసినవే. ఎస్టేటు భూముల మీద, ఇనాముల మీద మంచి తీర్పులు ఎక్కువగా ఆ పాత మద్రాసు సంపుటాల్లో ఉన్నాయి. వాటిని వెతికేవాళ్లు మా బార్‌లో నలుగురైదుగురికి మించరు.

ఇప్పుడు రచన. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 2 ప్లీడింగు (ప్లయింటు గానీ జవాబుదావా గానీ) ఎలా ఉండాలో ఒక్క వాక్యంలో చెప్పింది: ముఖ్యమైన వాస్తవాలు, సంక్షిప్తంగా, వాటిని రుజువుచేసే సాక్ష్యం కాదు. మోసం అని రాస్తే దాని వివరాలు రాయాలని రూల్ 4 చెప్పింది. ప్రతివాది ప్రతి ఆరోపణను విడివిడిగా కాదనాలనీ, డొంకతిరుగుడుగా కాదంటే ఒప్పుకున్నట్టేననీ ఆర్డర్ 8 చెప్పింది. 1908 నుంచి ఉన్న ఈ మూడు నియమాలను పాటిస్తే మన జిల్లా కోర్టుల్లో దాఖలయ్యే కాగితం సగం తగ్గుతుందని నా నమ్మకం. "మూడో పేరాలోని ఆరోపణలన్నీ అబద్ధం, వాది వాటిని గట్టిగా రుజువు చేసుకోవాలి" అన్న ఒక్క వాక్యాన్ని పన్నెండు పేరాలకు పన్నెండుసార్లు టైపు చేసి జవాబుదావా అంటున్నాం. అది కాదనడమూ కాదు, జవాబూ కాదు. చురుకైన రాతతో లేని వ్యాజ్య కారణాన్ని ఉన్నట్టు భ్రమింపజేసే ప్లయింట్లను మొదట్లోనే తుంచేయమని జస్టిస్ కృష్ణయ్యర్ 1977లోనే అరివందందం కేసులో హెచ్చరించారు. పై కోర్టులూ దీనికి అతీతం కాదు. 2022లో అజయ్ కుమార్ సూద్ కేసులో, ఒక హైకోర్టు తీర్పు ఏం చెబుతోందో అర్థం కావడం లేదని సుప్రీంకోర్టు దాన్ని తిప్పి పంపి, సమస్య, నియమం, అన్వయం, నిర్ణయం అన్న వరుసలో రాయడం ఎంత అవసరమో చెప్పవలసి వచ్చింది.

తెలుగులో ముందు రాయమనడం ఇందుకే. ఇంగ్లీషులో మనకు కంఠస్థమైన పదబంధాలు ఉన్నాయి. అవి విషయం తెలియకపోయినా వాక్యాన్ని పూర్తిచేస్తాయి. "ప్రతివాది తన అనుచరులతో అక్రమంగా ప్రవేశించుటకు ప్రయత్నించి" అన్న వాక్యాన్ని నేను 2003లో ఏమీ తెలుసుకోకుండానే రాయగలిగాను. అదే విషయాన్ని ఆ పెద్దావిడకు చదివి వినిపించవలసిన తెలుగులో రాసి ఉంటే, "2003 జూన్ నెలలో తొలకరి దుక్కుల సమయంలో, పాత తూర్పు గట్టు మీది తాడిచెట్టుకు పడమరగా నాలుగైదు గజాల మేర ప్రతివాది నాగలి తోలి, ఆ ముక్కను తన చేలో కలుపుకున్నాడు" అని రాయవలసి వచ్చేది. ఈ వాక్యం రాయాలంటే నెల తెలియాలి, దిక్కు తెలియాలి, కొలత తెలియాలి. రాశాక అది స్వాధీనం పోయిన కేసని, ఇంజంక్షన్ చాలదని ఆ వాక్యమే చెబుతుంది. దీన్ని ఇంగ్లీషులోకి మార్చడం అరగంట పని, భాష అంతంత మాత్రం వచ్చినవాడికి కూడా.

విజయనగరంలో ప్రాక్టీసు చేసే ఒక పెద్దాయన, నాకు చాలా గౌరవనీయులు, ఈ మాట విని ఒప్పుకోలేదు. ఆయన వాదనలో బలం ఉంది. హైకోర్టులో, సుప్రీంకోర్టులో భాష ఇంగ్లీషని రాజ్యాంగం 348వ అధికరణంలోనే ఉందనీ, మన పిల్లలు ఇంగ్లీషుకు భయపడే అమరావతి హైకోర్టుకు వెళ్లలేకపోతున్నారనీ, మీరు తెలుగు నేర్పి వాళ్లను ఇంకా కిందకు లాగుతున్నారనీ అన్నారు. మోడల్ గురించి కూడా, అది లేకపోతే జూనియర్ కోర్టు ఫీజు పేరా మరిచిపోతాడు, విలువ కట్టడం మరిచిపోతాడు, కోర్టు ఆఫీసు దావాను తిప్పికొడుతుంది అన్నారు. రెండో మాట నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ప్లయింటులో ఏమేమి ఉండాలో ఆర్డర్ 7 రూల్ 1 జాబితా ఇచ్చింది. ఆ వరుసకు మోడల్ కావాలి, నేనూ ఒకటి గోడకు అంటించాను. వాస్తవాల పేరాలకు మోడల్ వద్దంటున్నాను, అంతే. మొదటి మాటకు నా జవాబు ఆయనకు ఇంకా తృప్తి కలిగించలేదు. ఇంగ్లీషు భయం ఉన్నవాడే కంఠస్థం చేసిన వాక్యాల వెనక దాక్కుంటాడు. చెప్పవలసిన విషయం చేతిలో ఉన్నవాడు చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు రాయడానికి జంకడు, వాటిని జడ్జిగారు చదువుతారు కూడా.

ఆయన అడగని ప్రశ్న ఒకటి ఉంది, అది నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఈ శిక్షణకు సమయం ఎవరిది, ఖర్చు ఎవరిది? జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సిఫారసు చేసింది. సిఫారసు మాత్రమే. మా ఊళ్లో ఆ మొత్తం ఇచ్చే ఆఫీసులు నాకు కనిపించలేదు. నేనూ ఇవ్వడం లేదు. బస్సు ఛార్జీలకు ఇంటి నుంచి డబ్బు తెచ్చుకునే పిల్లవాణ్ని ఆదివారం కూడా రమ్మని, తేదీల పేజీ మూడుసార్లు తిరిగి రాయమనడం న్యాయమేనా అని నన్ను నేను అడుగుతూనే ఉంటాను. కనీసం ఆ పేజీ ఆధారంగా వేసిన దావాలో ఫీజు వస్తే అందులో వాటా ఇవ్వడం మొదలుపెట్టాను. అది చాలదని నాకూ తెలుసు.

మా ఆఫీసులో ఇప్పుడు నరసన్నపేట నుంచి వస్తున్న ఒక అమ్మాయి ఉంది. పోయిన ఆదివారం ఒక విక్రయ ఒప్పందం కేసులో తేదీల పేజీ తెచ్చింది. ఎడమ వరుసలో తొమ్మిది తేదీలు. కుడి వరుసలో రెండు గడులు ఖాళీ. కింద పెన్సిలుతో ఇలా రాసింది: "అడ్వాన్సు ఇచ్చానని పార్టీ చెప్పిన తేదీకీ, ఒప్పందం మీద ఉన్న తేదీకీ పదకొండు నెలల తేడా ఉంది. అడిగాను. గుర్తులేదన్నారు. బ్యాంకు పాస్‌బుక్ తెమ్మన్నాను, గురువారం తెస్తారట. మూడేళ్ల గడువు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలో అప్పుడే తెలుస్తుంది. ప్లయింటు ఇంకా మొదలుపెట్టలేదు సార్."